18 రోజుల పాపకి రోజుకి ఎన్ని మి.లీ. తల్లిపాలు కావాలి? పంపులో 30 మి.లీ. కూడా దాటడం లేదంటే పాలు లేనట్టేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. సిజేరియన్‌తో పుట్టిన పాపకి ఇవాళ్టికి 18 రోజులు. పుట్టినప్పుడు 2.8 కిలోలు, నాలుగో రోజు డిశ్చార్జి అప్పుడు 2.6, ఈరోజు తూస్తే 3.0. పాలు తాగిన గంటన్నరకే మళ్ళీ ఏడుస్తోంది. పాలిచ్చాక పంపు పెట్టి చూస్తే రెండు వైపులా కలిపి 30 మి.లీ. దాటడం లేదు. "నీకు పాలు చాలట్లేదు, డబ్బా మొదలుపెట్టు" అని అత్తగారు అంటున్నారు. అసలు ఈ వయసు పాపకి పూటకి ఎన్ని మి.లీ. కావాలి?

నేరుగా జవాబు: 3 కిలోల పాపకి ఇప్పుడు రోజు మొత్తానికి సుమారు 450 మి.లీ. సరిపోతాయి. లెక్క కిలో బరువుకి 150 మి.లీ. రోజుకి 8 నుంచి 12 సార్లు తాగుతుంది కాబట్టి సారికి 40 నుంచి 55 మి.లీ. పడుతుంది. అయితే ఈ లెక్క పిండిన పాలు ఉగ్గుగిన్నెతోనో సీసాతోనో పట్టేవాళ్ళకి. పాప నేరుగా రొమ్ము తాగుతుంటే మి.లీ. కొలవడానికి వీల్లేదు, కొలవాల్సిన పనీ లేదు. బరువు చూడాలి, తడిపిన గుడ్డలు లెక్కపెట్టాలి. మీరు రాసిన బరువుల్ని బట్టి మీ పాపకి పాలు చాలుతున్నాయి. డబ్బా అక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళ లెక్క ఎక్కడ తప్పిందో చూడండి. 2.8తో పుట్టి 18 రోజులకి 3.0 అంటే 200 గ్రాములే, రోజుకి 11 గ్రాములు, ఇదేం పెరుగుదల అనిపిస్తుంది. కానీ పుట్టిన బరువు నుంచి మొదలుపెట్టి లెక్కవేయకూడదు. మొదటి మూడు నాలుగు రోజుల్లో దాదాపు ప్రతి బిడ్డా బరువు తగ్గుతుంది. ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోతుంది, నల్లటి మొదటి మోషన్ పోతుంది. 7 శాతం దాకా తగ్గడం మామూలే. 10 శాతానికి దగ్గరైతే డాక్టరు చూడాలి. సిజేరియన్‌లో తల్లికి ఎక్కించిన సెలైన్ వల్ల పుట్టిన బరువే కొంచెం ఎక్కువ చూపిస్తుంది కూడా. మీ పాప తగ్గింది 200 గ్రాములు, అంటే 7 శాతం. అక్కడి నుంచి 14 రోజుల్లో 400 గ్రాములు పెరిగింది, రోజుకి 28 గ్రాములు. మొదటి మూడు నెలల్లో రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు, మీ పాప ఆ పైఅంచులో ఉంది. పుట్టిన బరువు రెండు వారాల్లోపు తిరిగి రావాలంటారు, ఈ వేగం చూస్తే పదకొండో రోజుకే వచ్చేసి ఉంటుంది.

ఎప్పుడూ అన్నిటికంటే తక్కువ ఉన్న బరువు నుంచి లెక్కపెట్టండి. ఈ ఒక్కటి తెలియక మొదలుపెట్టిన పాలడబ్బాలు చాలా ఉన్నాయి.

ఇక పంపు సంగతి. పంపులో కనిపించేవి పంపుకి చిక్కిన పాలు, పాపకి దొరికే పాలు కావు. పాప కడుపునిండా తాగి వదిలేశాక పిండితే వచ్చేది మిగులు. ఆ మిగులే 30 మి.లీ. ఉందంటే మీకు పాలు తక్కువ కాదు, కాస్త ఎక్కువే. పశువులున్న ఇంట్లో వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. దూడని విడిస్తేనే ఆవు చేపుతుంది, అంటే పాలు వదులుతుంది, కొత్త మనిషి పొదుగు ముట్టుకుంటే బిగబట్టేస్తుంది. మనుషుల్లోనూ చేపు అనేది ఒక హార్మోన్ పని. పాప స్పర్శకి, వాసనకి, ఏడుపుకి అది ఊరుతుంది. నొప్పి, భయం, పక్కన నిలబడి "ఎన్నొచ్చాయి?" అని అడిగే మనిషి ఉంటే ఆగుతుంది. దీనికి తోడు పంపు గరాటు సైజు చాలామందికి సరిపోదు. చనుమొన గరాటు గోడకి ఒరుసుకుంటున్నా, చుట్టూ ఉన్న నల్లటి భాగం సగం లోపలికి లాగేస్తున్నా పాలు సగమే వస్తాయి, పుండు పడుతుంది. మొన చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండి అది స్వేచ్ఛగా కదలాలి.

పాప ఒక్క పూటకి ఎంత తాగుతోందో నిజంగా తెలుసుకోవాల్సి వస్తే (నెలలు తక్కువ బిడ్డల్లో, బరువు పెరగని బిడ్డల్లో) ఆసుపత్రిలో 5 గ్రాముల తేడా కూడా పట్టే త్రాసు మీద పాలివ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి తూస్తారు. అవే బట్టలు, అదే డైపర్, మధ్యలో ఏదీ మార్చకూడదు. పెరిగిన ఒక్కో గ్రాము ఒక్కో మి.లీ. కింద లెక్క. ఇది ఇంట్లో వంటింటి త్రాసుతో చేసే పని కాదు. పైగా ఒక్క పూట చూసి తీర్పు చెప్పలేం. ఒకే పాప తెల్లవారుజామున 70 మి.లీ. తాగి సాయంత్రం 25తో ఆపేస్తుంది.

వయసును బట్టి ఎంత

మొదటి 24 గంటల్లో సారికి 2 నుంచి 10 మి.లీ. రెండో రోజు 5 నుంచి 15. మూడో రోజు 15 నుంచి 30. నాలుగో రోజుకి 30 నుంచి 60. టీ చెంచా 5 మి.లీ. పడుతుంది. అంటే మొదటి రోజు బిడ్డకి కావలసింది సారికి ఒకటి రెండు చెంచాల ముర్రుపాలు. రొమ్ము నొక్కితే పసుపుపచ్చగా, తేనెలా సాగే నాలుగు చుక్కలు కనిపిస్తే "పాలే పడలేదు" అని పంచదార నీళ్ళు, తేనె, డబ్బాపాలు పట్టించేస్తారు. పడ్డాయి. ఆ రోజుకి అంతే కావాలి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టలో హాయిగా పట్టేది 20 మి.లీ. లోపే. ఇక తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించకూడదు, అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి గింజలు పసిపేగుల్లో విషం తయారుచేస్తాయి.

పాలు బాగా దిగడం, అంటే రొమ్ము బరువెక్కి నిండటం, మామూలుగా రెండో రోజు చివర నుంచి మూడో రోజు మధ్య జరుగుతుంది. సిజేరియన్ అయినవాళ్ళకి, మొదటి కాన్పువాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి, బరువు ఎక్కువున్నవాళ్ళకి నాలుగో రోజు దాకా ఆగవచ్చు. ఆ ఒక్కరోజు ఆలస్యంలోనే చాలా ఇళ్ళలో డబ్బా తెరుచుకుంటుంది.

ఆసుపత్రిలో నర్సు రాసే చార్టు చూసి కొందరు కంగారు పడతారు, అందులో మొదటి రోజుకే కిలోకి 60 మి.లీ. అని ఉంటుంది. అది రొమ్ము తాగలేక, గొట్టంతోనో గిన్నెతోనో పాలు పట్టాల్సిన బిడ్డలకి. మొదటి రోజు కిలోకి 60తో మొదలుపెట్టి రోజుకి 15 నుంచి 20 పెంచుతూ వారం తిరిగేసరికి 150కి తెస్తారు. రొమ్ము తాగే నిండునెలల బిడ్డకి ఆ చార్టు వర్తించదు.

నెల నిండేసరికి రోజుకి 600 నుంచి 750 మి.లీ. దాకా వస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఆ తర్వాత ఆరో నెల దాకా ఈ అంకె పెద్దగా పెరగదు. సగటున రోజుకి 750 నుంచి 800 మి.లీ. దగ్గరే నిలబడుతుంది. 500తో చక్కగా పెరిగే బిడ్డలున్నారు, లీటరు దాటే బిడ్డలూ ఉన్నారు. కిలోకి 150 అనే సూత్రం 5 కిలోల దాకా, అంటే సుమారు రెండు నెలల దాకా నమ్మండి. ఐదో నెలలో 7 కిలోల బిడ్డకి అదే సూత్రం వేస్తే 1050 మి.లీ. తేలుతుంది. "నాకు అన్ని రావట్లేదే" అని తల్లి బెంగపడుతుంది. రావాల్సిన పని లేదు. మొదటి నెలల్లో రోజుకి 30 గ్రాములు పెరిగే బిడ్డ నాలుగో నెల తర్వాత 15, 20 గ్రాములే పెరుగుతుంది. పెరుగుదల నెమ్మదించేకొద్దీ కిలోకి కావలసిన పాలు కూడా తగ్గుతాయి. డబ్బా మీద నెలనెలా పెరిగే పట్టిక ఉంటుంది చూశారా, దాన్ని తల్లిపాలకి పెట్టి చూడకూడదు.

గంటన్నరకే ఎందుకు ఏడుస్తోంది

తల్లిపాలు త్వరగా అరుగుతాయి. రోజుకి 8 నుంచి 12 సార్లు అంటే సగటున రెండు మూడు గంటలకోసారి, కానీ పిల్లలు గడియారం పెట్టుకుని తాగరు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదింటి మధ్య అరగంటకోసారి అడిగి, తర్వాత మూడు గంటలు కదలకుండా పడుకుంటారు. ఇది పాలు తక్కువై కాదు. రెండు మూడు వారాల వయసులో, మళ్ళీ ఆరు వారాలప్పుడు, మూడు నెలలప్పుడు రెండు మూడు రోజుల పాటు ఉన్నట్టుండి ఎక్కువసార్లు అడుగుతారు. మీ పాప సరిగ్గా ఆ మొదటి మలుపులో ఉంది. ఎక్కువ తాగి, రొమ్ముకి "రేపటి నుంచి ఇంకొంచెం చెయ్యి" అని ఆర్డరు పెట్టడమే అది.

ఇప్పుడు డబ్బా పట్టిస్తే ఏమవుతుందో చూడండి. సాయంత్రం 60 మి.లీ. డబ్బాపాలు పట్టారు. అవి నెమ్మదిగా అరుగుతాయి, పాప మూడున్నర గంటలు నిద్రపోతుంది. "చూశావా, ఆకలితో ఉంది పాపం" అంటారు. ఈలోపు రొమ్ము నిండి, ఖాళీ అవక, ఈపాటికి చాలని పాల తయారీ తగ్గించుకుంటుంది. నిండిన రొమ్ము నెమ్మదిగా చేస్తుంది, ఖాళీ అయిన రొమ్ము వేగంగా చేస్తుంది, సూత్రం అంతే. మర్నాడు నిజంగానే కొంచెం తక్కువ ఉంటాయి, రెండోసారి డబ్బా. వారం పది రోజుల్లో డబ్బా నాలుగు పూటలవుతుంది, అప్పుడు పాలు ఇంకిపోయాయంటారు. ఇంకిపోలేదు, అడిగేవాళ్ళు లేక మానేశాయి.

ఏడుపు అంటే ఆకలే అనుకోవద్దు. ఆకలికి ఏడుపు చివరి గుర్తు. అంతకు ముందే తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది, నాలుక బయటపెడుతుంది, గుప్పిట నోట్లో కుక్కుకుంటుంది. ఆ దశలోనే రొమ్ము అందించండి. బాగా ఏడ్చాక పట్టిస్తే సరిగా పట్టదు, గాలి మింగుతుంది, ఐదు నిమిషాలు తాగి అలసి నిద్రపోతుంది, అరగంటకి మళ్ళీ లేస్తుంది.

పాలు నిజంగా లోపలికి వెళ్తున్నాయా

పాప గడ్డం గమనించండి. మొదట గబగబా చిన్నచిన్న చప్పరింపులు. ఒక నిమిషంలో చేపు వస్తుంది, చప్పరింపు నెమ్మదిస్తుంది. నోరు పెద్దగా తెరుచుకుని, గడ్డం కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, పైకి వస్తుంది. ఆ ఆగిన క్షణంలోనే నోట్లో పాలు నిండుతున్నాయి. వెంటనే 'క' అన్నట్టు చిన్న మింగుడు చప్పుడు. ఇలా నిమిషాల తరబడి సాగితే పాలు వెళ్తున్నట్టే. గడ్డం ఆగకుండా ఒట్టి చప్పరింపే ఇరవై నిమిషాలు సాగితే, గంటసేపు రొమ్ము మీద ఉన్నా కడుపు నిండదు.

అలా జరిగేది ఎక్కువగా పట్టు సరిలేక. పాపని పూర్తిగా మీ వైపు తిప్పండి, పొట్టకి పొట్ట ఆనాలి. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండాలి. ముక్కు చనుమొనకి ఎదురుగా ఉంచి, మొనతో పైపెదవి తాకించండి. ఆవులించినట్టు నోరు పెద్దగా తెరిచినప్పుడు పాపని రొమ్ము దగ్గరికి తేవాలి, రొమ్మును పాప దగ్గరికి వంచకూడదు. వంగితే మీ నడుము పోతుంది, మొన మాత్రమే నోట్లోకి వెళ్తుంది. గడ్డం రొమ్ముకి ఆని, కింది పెదవి బయటికి మడిచి, నల్లటి వలయం పైన ఎక్కువ, కింద తక్కువ కనిపిస్తుంటే పట్టు సరిగా ఉన్నట్టు. మొదటి అర నిమిషం దాటాక కూడా నొప్పి ఉంటే, తాగి వదిలాక మొన లిప్‌స్టిక్ కొసలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటే, పట్టు తప్పు. చిటికెనవేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి. సిజేరియన్ కుట్లు లాగుతుంటే పాప కాళ్ళు మీ చంక కిందుగా వెనక్కి వెళ్ళేలా పక్కన పెట్టుకుని, లేదా మీరు పక్కకి ఒత్తిగిలి పడుకుని ఇవ్వండి.

ఒక వైపు పూర్తిగా తాగనివ్వండి. తనంతట తాను వదిలాక త్రేన్పు తెప్పించి రెండో వైపు ఇవ్వండి. తాగితే తాగుతుంది, లేకపోతే వచ్చే పూట అక్కడి నుంచి మొదలు. "ఒక్కో వైపు పది నిమిషాలు" అని ఫోన్‌లో అలారం పెట్టుకోనక్కర్లేదు. కొందరు పిల్లలు పది నిమిషాల్లో ముగిస్తారు, కొందరికి నలభై పడుతుంది.

తడిపిన గుడ్డల లెక్క. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అలా ఐదారు రోజులకల్లా రోజుకి కనీసం 6 సార్లు మూత్రం పోయాలి. రంగు లేకుండా, మరక పడకుండా ఉండాలి. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక కనిపిస్తే భయం లేదు. నాలుగో రోజు దాటాక కూడా కనిపిస్తే పాలు చాలట్లేదని అర్థం. డైపర్ వాడేవాళ్ళకి తడి ఎంతో తెలియదు. ఒక కొత్త డైపర్‌లో 45 మి.లీ. నీళ్ళు పోసి చేత్తో బరువు చూడండి, నిండుగా తడిపిన డైపర్ ఇంచుమించు అలా ఉంటుంది. ఇంకా అనుమానంగా ఉంటే ఒకరోజు డైపర్ మానేసి పాతచీర గుడ్డలే వేయండి. ఇరవై నాలుగు గంటల్లో లెక్క తేలిపోతుంది.

మోషన్ మొదట నల్లగా తారులా, మూడు నాలుగు రోజులకి ఆకుపచ్చగా, ఐదో రోజుకి ఆవపిండి కలిపినట్టు పసుపుపచ్చగా మారాలి. మొదటి నెలలో రోజుకి మూడు నాలుగు సార్లు, కొందరికి తాగినప్పుడల్లా అవుతుంది. అది విరేచనాలు కాదు. నెలా నెలన్నర దాటాక తల్లిపాలే తాగే బిడ్డ నాలుగైదు రోజులు వెళ్ళకపోయినా, వెళ్ళినప్పుడు మెత్తగా ఉంటే పర్వాలేదు. కానీ 18 రోజుల పాప రోజంతా వెళ్ళకపోతే మాత్రం బరువు చూసుకోవాలి.

పాలు తగ్గాయనడానికి ఇవేవీ గుర్తులు కావు: ఆరు వారాల తర్వాత రొమ్ములు మెత్తబడటం, పాలు కారకపోవడం, పంపులో తక్కువ రావడం, పాప చంక దిగకపోవడం, తాగాక కొంచెం కక్కడం. పాలు పల్చగా, నీలంగా కనిపించడం కూడా. పూట మొదట్లో వచ్చేవి పల్చగానే ఉంటాయి, పోనుపోను వెన్న పెరుగుతుంది.

నిజంగా తక్కువయ్యేది ఎవరికి

కాన్పులో బాగా రక్తం పోయినవాళ్ళు, మాయ ముక్క లోపల మిగిలిపోయినవాళ్ళు, థైరాయిడ్ అదుపులో లేనివాళ్ళు, రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళు, కొందరు పీసీఓడీ ఉన్నవాళ్ళు. గర్భంతో ఉన్నప్పుడు కూడా రొమ్ములు ఏమాత్రం పెరగనివాళ్ళు అరుదుగా ఉంటారు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, జలుబుకి వాడే సూడోఎఫెడ్రిన్ మాత్రలు పాలని తగ్గిస్తాయి. డాక్టరుకి, మందులషాపులో కూడా పాలిస్తున్నానని చెప్పండి. వీళ్ళలో కొందరికి పైపాలు నిజంగానే అవసరం, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అప్పుడైనా డాక్టరు చెప్పినంతే, ముందు రొమ్ము ఇచ్చాకే, డబ్బా మీదున్న కొలతతోనే. పొదుపుగా వస్తుందని నీళ్ళు ఎక్కువ కలపడం పాలు చాలకపోవడం కంటే ప్రమాదం. గేదెపాలు, ఆవుపాలు ఏడాదిలోపు బిడ్డకి తాగించకూడదు.

పాలు పెంచాలంటే దారి ఒక్కటే, ఖాళీ చేయడం. పాలిచ్చిన ప్రతిసారీ తర్వాత పది పదిహేను నిమిషాలు చేత్తోనో పంపుతోనో పిండండి. రోజంతా కలిపి, పాప తాగినవీ పిండినవీ 8 నుంచి 10 సార్లకి తగ్గకూడదు. రాత్రి కనీసం రెండుసార్లు తప్పనిసరి. పాలు తయారుచేసే హార్మోన్ రాత్రిపూటే ఎక్కువ, "తల్లి పడుకోనీ, రాత్రికి డబ్బా పట్టిద్దాం" అనేది అందుకే ఎదురుతన్నుతుంది. చేత్తో పిండేటప్పుడు బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, మొనకి ఒకటిన్నర అంగుళం వెనకగా పెట్టి, ముందు ఛాతీవైపు నొక్కి, తర్వాత వేళ్ళు రెండూ దగ్గరికి నొక్కాలి. చర్మం మీద జారుస్తూ మొన వైపు లాగకూడదు. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి, పాలపీక అలవాటైతే కొందరు పిల్లలు రొమ్ము దగ్గర చిరాకు పడతారు. ఫలితం మూడు నుంచి ఐదు రోజుల్లో తెలుస్తుంది, ఒక్కరోజులో రాదు.

తిండి విషయంలో పెద్దవాళ్ళు చెప్పే పాలసొర చేప, వెల్లుల్లి కారం, మెంతులు, బొప్పాయికాయ కూర నిరభ్యంతరంగా తినండి. అవి తల్లికి మంచి తిండి. కానీ పాప రోజుకి ఆరుసార్లే తాగుతుంటే ఎన్ని సొరచేపలు తిన్నా పాలు పెరగవు. నాకు నచ్చనిది బాలింత పథ్యం పేరుతో నీళ్ళు తాగనివ్వకపోవడం, నెలరోజులు కారప్పొడి అన్నమే పెట్టడం. పాలిచ్చే తల్లికి మామూలుకంటే 500 నుంచి 600 కేలరీలు ఎక్కువ కావాలి, అంటే అదనంగా ఒక పూట పప్పన్నం, గుడ్డు, గ్లాసు పాలు. దాహమైనప్పుడల్లా తాగండి, పాలివ్వడానికి కూర్చునేటప్పుడు పక్కన చెంబు పెట్టుకోండి. అలాగని నాలుగు లీటర్లు బలవంతంగా తాగినా పాలు ఎక్కువవవు. తెలంగాణలో ఉంటే ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో బాలింతకి గుడ్డు, 200 మి.లీ. పాలతో ఒక పూట భోజనం ఉంది, మొహమాటపడకండి.

పాపకి మాత్రం ఆరు నెలల దాకా నీళ్ళు వద్దు. తల్లిపాలలో 87 శాతం నీళ్ళే, రెంటచింతల ఎండలో అయినా అవి చాలు, ఇంకోసారి రొమ్ము ఇవ్వండి. రెండు ఔన్సుల నీళ్ళు తాగిన పాప ఆ మేరకు పాలు మానేస్తుంది. గ్రైప్ వాటర్, వస, ఆముదం కూడా అంతే. ఇవ్వాల్సింది విటమిన్ డి చుక్కలు, రోజుకి 400 యూనిట్లు. మన మార్కెట్లో 1 మి.లీ.లో 400 ఉన్న సీసాలూ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. సీసా మారినప్పుడు లేబుల్ చదివి 1 మి.లీ. పోయాలో అర మి.లీ. పోయాలో చూసుకోండి.

మళ్ళీ ఉద్యోగంలో చేరాక ఎంత పిండి పెట్టాలని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తాను. నెల దాటిన బిడ్డకి మీరు లేని ప్రతి గంటకి 30 మి.లీ. లెక్కేయండి. ప్రయాణంతో కలిపి తొమ్మిది గంటలైతే 270, చేతిలో ఇంకో 60 ఉంటే నిశ్చింత. 60 నుంచి 90 మి.లీ. చొప్పున చిన్న స్టీలు గిన్నెల్లో విడివిడిగా పెడితే వృథా తక్కువ. 25 డిగ్రీల చల్లని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో (తలుపులో కాదు) నాలుగు రోజుల లోపు వాడేయాలి. మన వేసవిలో పిండిన వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. మీద మీగడలా విడిపోతే చెడినట్టు కాదు, గిన్నె మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి, వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. పాప నోరు తగిలాక మిగిలినవి రెండు గంటల్లో వాడకపోతే పారబోయాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గుర్తులు: ఐదో రోజు తర్వాత 24 గంటల్లో ఆరుకంటే తక్కువ తడి గుడ్డలు, ఇంకా నల్లటి మోషన్, అరచేతులు అరికాళ్ళ దాకా పసుపు, నోరు ఎండిపోవడం, నడినెత్తి గుంటపడటం, 38 డిగ్రీలు దాటిన జ్వరం, ఒళ్ళు చల్లబడటం, రెండు వారాలైనా పుట్టిన బరువు రాకపోవడం. వీటన్నిటికంటే మోసం చేసేది నిద్ర. పాలు చాలని బిడ్డ మొదట్లో ఏడుస్తుంది, తర్వాత ఓపిక లేక ఏడుపు మానేసి నిద్రలోకి జారుతుంది. "మా పాప బంగారం, అయిదు గంటలు లేవదు" అనే మాట మొదటి రెండు వారాల్లో వింటే సంతోషించకండి, గుడ్డ విప్పి బరువు చూడండి. ఆ వయసులో మూడు గంటలు దాటి పడుకుంటే లేపి పాలివ్వాలి. కామెర్లున్న బిడ్డలు, 2.5 కిలోల లోపు బిడ్డలు ఆకలైనా లేవరు. వాళ్ళకి రెండు గంటలకోసారి, ఎంత అన్నది డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఇవ్వండి, పైన చెప్పిన లెక్కలు కాదు.

మీ విషయానికి వస్తే, పాలిచ్చాక పంపు పెట్టడం ఆపేయండి. చూసిన ప్రతిసారీ బెంగ పెరగడం తప్ప దాని వల్ల ఇప్పుడు లాభం లేదు. ఈ రెండు మూడు రోజులూ పాప అడిగినన్నిసార్లు ఇవ్వండి, తడి గుడ్డలు ఒక కాగితం మీద గీతలు పెట్టి లెక్కపెట్టండి, అత్తగారికి కూడా ఆ కాగితం చూపించండి. 21వ రోజున ఆశా కార్యకర్త ఇంటికి రావాలి (సిజేరియన్ కాన్పులకి 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తారు), ఆవిడ చేత ఒక పూట పట్టు చూపించుకోండి. కానీ ఆవిడ తెచ్చే త్రాసు అంకెని ఆసుపత్రి అంకెతో పోల్చకండి, రెండు త్రాసుల మధ్య వంద గ్రాముల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఈరోజు ఏ త్రాసు మీద 3.0 వచ్చిందో, 25వ రోజున అదే త్రాసు మీద, బట్టలు విప్పి తూయండి. 3.140 గాని ఆపైన గాని ఉంటే ఇలాగే కొనసాగించండి. 3.100 కూడా రాకపోతే అదే రోజు పిల్లల డాక్టరుకి చూపించండి, డాక్టరు ఎదురుగానే పాప చేత ఒక పూట పాలు తాగించండి.